మాత్రల పిల్ల

మైపాడు,
జనవరి 20.

చిరంజీవి క్యాథరిన్‌కు మేనత్త ఎలిశబెతు దీవించి రాయడం.

మూడు రోజులుగా ముసురు పట్టింది. ఎండ లేదు. శుక్రవారం పడవ దగ్గర కొన్న నెత్తళ్ల చేపలు ఇసుక మీద ఆరబోస్తే తడిసిపోయినాయి. సగం కోళ్ల దాణాకని ఇచ్చేసినాను. మిగతా సగం వంటింట్లో పొయ్యి చుట్టూ పరిచినాను. ఈ ఉత్తరం కంపు కొడితే అది నెత్తళ్ల కంపే, వేరే ఏమీ కాదు.

చెన్నైలో ఇప్పుడు చేసే ఆసుపత్రి మానుకుని ఇంగ్లండులో నర్సు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినానని రాసినావు. సంతోషం. ఫోను మాత్రం చెయ్యొద్దు. నా చెవి సంగతి తెలిసిందే. పోయినసారి నువ్వేదో చెప్తుంటే "వినపళ్లా, గట్టిగా చెప్పు" అని నేను అరిచినాను. వీధి చివర నుంచి ముగ్గురు పరుగెత్తి వచ్చి ఎవరు పోయినారని అడిగినారు. ఏదున్నా ఉత్తరం రాయి.

ఫిబ్రవరి రెండో ఆదివారం మామూలుగా చర్చిలో నీ కృతజ్ఞత కానుక కవరు వేస్తాను. నీకు టీబీ వచ్చి పోయి అప్పటికి పన్నెండేళ్లు. మీ అమ్మానాన్నా పోయినాక నా దగ్గర పెరిగిన పిల్లవు, ఇంటరు చదివేటప్పుడు ఆ జబ్బు వచ్చి, పక్కటెముకలు బయటపడి ఉంటివి. కవరు మీద కారణం రాస్తాను, పాస్టరు గారు చదువుతారు, నేను లేచి దేవుడు నిన్నెట్టా నయం చేసినాడో సాక్ష్యం చెప్తాను. ఈ ఏడు ఇంకో సంగతి ఏమంటే, పాస్టరు క్రీస్తురాజు గారు ఆరాధన అంతా ఫోనులో పట్టి యూట్యూబులో వదులుతున్నారు. నీ పేరు చదివేటప్పుడు నువ్వు అక్కడినుంచే చూసుకోవచ్చు.

పక్కింటి కామమ్మకు దగ్గు తగ్గడం లేదు. పరీక్షకు పొమ్మంటే పోదు. రోజూ వచ్చి కూర్చుని నీకెట్టా పోయిందో నాచేత చెప్పించుకుంటుంది.

అత్త,
ఎలిశబెతు.


చెన్నై,
జనవరి 27.

అత్తకు క్యాథరిన్ వందనాలు.

నీ ఉత్తరం అందింది. నెత్తళ్ల వాసన కూడా అందింది. నా గదిలో ఉండే భానుప్రియ ఆ కవరును కిటికీ బయట పెట్టమంది. ఆమెది దొరవారిసత్రం. ఆమె కూడా నాతోపాటు ఆ ఇంగ్లండు ఆసుపత్రికే దరఖాస్తు పెట్టింది. ఏజెంటు పేరు కిషోర్ బాబు, నెల్లూరాయన. మమ్మల్ని ఇద్దరినీ మే నెలలో వెళ్లే జట్టులో వేశానని చెప్పాడు.

అత్తా, ఈ ఏడు కానుక కవరు వేయొద్దు. వేయక తప్పదంటే కారణం రాయొద్దు. "క్షేమం కోసం" అని రాస్తే చాలు. సాక్ష్యం కూడా వద్దు. యూట్యూబులో అసలే వద్దు. ఎందుకని అడగకు, తర్వాత చెప్తాను.

చలిగాలికి తిరగకు. తలకు గుడ్డ కట్టుకో. కామమ్మను తప్పకుండా పరీక్షకు పంపు.

క్యాథరిన్.


మైపాడు,
ఫిబ్రవరి 3.

క్యాథరిన్‌కు అత్త రాయడం.

ఎండ వచ్చింది. పడవలు పోతున్నాయి.

కవరు వేయొద్దంటివి. ఎందుకో చెప్పకపోతివి. తుపాను వచ్చిన ఏడు కూడా వేసినాను. ఆ రోజు చర్చిలో నేనూ, పాస్టరు గారూ, ఆయన భార్యా ఉండినాము. ఆమె పైకప్పు కారే చోట బకెట్టు పట్టుకుని ఉండింది. అయినా చదివినారు, సాక్ష్యం చెప్పినాను.

పాస్టరు గారిని ఊరికే అడిగినట్టు అడిగినాను, కారణం రాయకుండా కవరు వేస్తే ఎట్టా ఉంటుందని. "కారణం లేనిది కృతజ్ఞత ఎట్టవుతుందమ్మా, మామూలు చందాలో వేసుకో" అన్నారు. పోనీ జలుబు తగ్గినందుకు అని రాయనా అన్నాను. "పన్నెండేళ్లకు ఒక జలుబా?" అన్నారు. ఆయన నా చెవి దగ్గరకు వచ్చి గట్టిగా చెప్తారు కాబట్టి బయట చెప్పులు విప్పుతుండే వాళ్లకు కూడా వినపడి నవ్వినారు.

పెళ్లి సంబంధం ఏమన్నా వచ్చిందా? అందుకని దాచమంటున్నావా? అబ్బాయి ఎవరో రాయి. కానీ టీబీ సంగతి దాచి చేసే పెళ్లి మాత్రం నేను చెయ్యను.

సైకిలు షాపు చిన్నపోలయ్య కనపడితే "మా మాత్రల పిల్ల ఎట్టుంది ఎలిశబెతమ్మా?" అని అడిగినాడు. బాగుందని తల ఊపినాను.

ఎలిశబెతు.


చెన్నై,
ఫిబ్రవరి 7.

అత్తకు,

పెళ్లీ లేదు, అబ్బాయీ లేడు. చెప్తాను. చదివి చించెయ్.

ఇంగ్లండు ఆసుపత్రి వాళ్లు ఆరోగ్యం గురించి కొన్ని ప్రశ్నలు పంపించారు. కిషోర్ బాబు మమ్మల్ని తన ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి నింపించాడు. "అన్నిటికీ లేదు, లేదు అని కొట్టుకుంటా పోండి తల్లీ. ఒక్క చోట అవునన్నారంటే నెలలు నెలలు తిప్పుతారు" అన్నాడు. భానుప్రియకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. సంచీలో పీల్చే మందు పెట్టుకునే "లేదు" కొట్టింది. నేను "మీకు ఎప్పుడైనా టీబీ వచ్చిందా" అన్న దగ్గర కాసేపు ఆగాను. "ఏందమ్మా, ఇంకు అయిపోయిందా?" అన్నాడు. నేనూ "లేదు" కొట్టాను.

ఇప్పుడు నాకు ఆ జబ్బు లేదు. దగ్గు కూడా లేదు. అలాంటప్పుడు లేదనడంలో తప్పేముందని రోజూ అనుకుంటున్నాను. రోజూ అనుకోవలసి వస్తున్నది.

మా వార్డులో కొత్తగా చేరిన వాళ్లను ఇంతకు ముందు జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగేది నేనే. లేవంటారు. మధ్యాహ్నానికి తలగడ కింద షుగరు మాత్రలు బయటపడతాయి. నేను కోప్పడతాను. నిన్న ఒక ముసలాయన మీద బాగా కోప్పడ్డాను.

వచ్చే నెల వీసా కోసం ఎక్స్‌రే తీస్తారు. అప్పటిదాకా నా పేరూ ఆ జబ్బు పేరూ కలిపి ఎవరూ ఎక్కడా చదవకూడదు. కిషోర్ బాబు చర్చీల వీడియోలన్నీ చూస్తాడు. ఇంగ్లండు వాళ్లు కూడా పేరు పెట్టి వెతుకుతారని భానుప్రియ అంటుంది. ఈ ఒక్క ఏడూ ఆగు.

క్యాథరిన్.


మైపాడు,
ఫిబ్రవరి 13.

క్యాథరిన్‌కు అత్త రాయడం.

నీ ఉత్తరం మంగళవారం అందింది. కవరు ఆదివారమే వేసినాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పాస్టరు గారు కవరు చదివినారు. "మన క్యాథరిన్‌ను టీబీ నుండి స్వస్థపరచినందుకు" అని నేను రాసిందే చదివినారు. నేను సాక్ష్యం చెప్పినాను. తర్వాత ఆయన నీ ఇంగ్లండు దరఖాస్తు కోసం ప్రార్థన చేసినారు. ఉద్యోగం సంగతీ, ఏజెంటు పేరూ నేనే చెప్పి ఉంటిని. అట్టా పోయేవాళ్లకు ఎక్స్‌రే తీస్తారని ఆయనకు ముందే తెలుసంట. దరఖాస్తులో ఏ ఆటంకమూ రాకూడదని, ఎక్స్‌రే చూసే వాళ్ల కన్నులను దేవుడు నడిపించాలని, ఏజెంటు కిషోర్ బాబుకు జ్ఞానం ఇవ్వాలని పేరు పెట్టి చేసినారు. అందరూ ఆమెన్ అన్నారు. అంతా యూట్యూబులో ఉంది.

సోమవారం కిషోర్ బాబు పాస్టరు గారికి ఫోను చేసి జ్ఞానం తనకు చాలినంత ఉందని చెప్పినాడంట.

నీ ఉత్తరం వచ్చినాక పాస్టరు గారి దగ్గరకు పోయి వీడియో తీసేయమన్నాను. ఎందుకో చెప్పలేదు. దేవుని ముందర చెప్పింది తీసేయడం కుదరదన్నారు. ఆయన భార్య మాత్రం ఆ కాసేపు మాట వినపడకుండా చేసి పెట్టింది. ఇప్పుడు ఆ చోట పాస్టరు గారి నోరు ఆడుతుంది, శబ్దం రాదు. నాకు లోకమంతా అట్లాగే ఉంటుంది కాబట్టి తేడా తెలియలేదు.

చించెయ్యమన్న ఉత్తరం పొయ్యిలో పెట్టినాను.

లేదు అని రాసినావని చదివినాను. నువ్వు చదువుకున్నదానివి.

ఎలిశబెతు.


చెన్నై,
మార్చి 24.

అత్తకు క్యాథరిన్ వందనాలు.

ఎక్స్‌రే అయింది. భానుప్రియది బాగుంది. నాది చూడడానికి పెద్ద డాక్టరును పిలిచారు. తమిళావిడ, జుట్టు తెల్లబడింది. తెర నా వైపు తిప్పింది. కుడివైపు పైన తెల్లగా చిన్న మచ్చ.

"ఏమిటిది?" అంది.

తెలియదన్నాను. నేను రోజూ ఎక్స్‌రేలు చూసే నర్సును.

"ఎప్పుడైనా టీబీ వచ్చిందా?"

లేదన్నాను.

"ఇంట్లో ఎవరికైనా?"

లేదన్నాను.

ఆవిడ తల ఊపి ఏదో రాసుకుంటూ, కాఫీ తాగుతావా అని అడిగినట్టుగా, "మందులు ఎన్ని నెలలు వాడావు?" అంది.

"ఆరు నెలలు" అన్నాను.

అదే రాసుకుంది. కోప్పడలేదు. ఆ ముసలాయన మీద నేను కోప్పడ్డంత కూడా కోప్పడలేదు. మూడు రోజులు పొద్దున్నే వచ్చి కఫం ఇవ్వమంది. దాన్ని ల్యాబులో పెట్టి ఏమైనా పెరుగుతుందేమో ఎనిమిది వారాలు చూస్తారు. మే జట్టు పోయినట్టే.

ఆ రాత్రి ఇంగ్లండు వాళ్లకు నేనే రాశాను. టీబీ ప్రశ్న దగ్గర లేదని చెప్పాను, అది తప్పు, అవును అని. వాళ్ల దగ్గర నుంచి నాలుగు లైన్ల జవాబు వచ్చింది. చెప్పినందుకు ధన్యవాదాలు. ముందే చెప్పి ఉండాల్సింది. పూర్తిగా మందులు వాడి తగ్గినట్టు వైద్యుల రుజువు జూలై లోపల పంపితే ఆగస్టు జట్టులో తీసుకుంటాం. లేకపోతే ఆ ఖాళీ ఇంకొకరికి ఇస్తాం.

కిషోర్ బాబు ఫోను చేశాడు. "ఇంతమందిని పంపినాను, ఎవురి ఊపిరితిత్తులూ నన్ను ఇంత అల్లరి చెయ్యలా" అన్నాడు.

అప్పటి ట్రీట్‌మెంటు కార్డు నీ ట్రంకుపెట్టెలో ఉండాలి. పసుపు రంగు కార్డు. పోస్టులో పంపు.

క్యాథరిన్.


మైపాడు,
ఏప్రిల్ 4.

చిరంజీవి క్యాథరిన్‌కు అత్త దీవించి రాయడం.

కార్డు లేదు. నీకు నయమైందని చెప్పిన వారం మనింట్లో కృతజ్ఞత కూడిక పెట్టినాము గదా. జబ్బు తాలూకు గుర్తు ఏదీ ఇంట్లో ఉండకూడదని అప్పటి పాస్టరు గారు అంటే నీ చాప, దిండు, ఎక్స్‌రే, కార్డు అన్నీ సముద్రపు ఒడ్డున వేసి కాల్చినాము. నువ్వూ ఉన్నావు, పాట పాడినావు. ఎక్స్‌రే మటుకు సరిగా కాలక ముడుచుకుపోయింది. దాన్ని పూడ్చినాము.

సర్కారు ఆసుపత్రికి పోయినాను. అక్కడి అమ్మాయి మంచిదే. నాకు వినపడదని తెలిసి కాగితం మీద రాసి చూపించింది. పాత రిజిస్టర్లు ఉన్నాయంట. టీబీ నంబరు ఉంటే వెతికి ఇస్తారంట. పేరు చెప్తే దొరకదంట. నంబరు కార్డు మీద ఉంటుందంట.

ఖాళీ చేతులతో ఎందుకని పాస్టరు గారి దగ్గర సర్టిఫికెట్టు రాయించినాను. ఇందులో పెట్టినాను. చర్చి ముద్ర రెండు చోట్ల వేసినారు.

కామమ్మను పరీక్షకు తీసుకుపోయినాను. టీబీయే. మాత్రలు ఇచ్చినారు. నన్ను పట్టుకుని ఏడ్చింది. మా పిల్లకు పోలేదా అన్నాను.

ఎలిశబెతు.


చెన్నై,
ఏప్రిల్ 12.

అత్తా,

సర్టిఫికెట్టు చదివాను. భానుప్రియకు కూడా చదివి వినిపించాను. నేను ఏదైనా తప్పు చదువుతున్నానేమోనని.

"పై క్యాథరిన్ మా సంఘ సభ్యురాలు. ఈమెకు కలిగిన టీబీ వ్యాధి, వైద్యులు చేయి విడిచిన తరువాత, ఏ మందును లేక, కేవలము ఉపవాస ప్రార్థనల వలన సంపూర్ణముగా స్వస్థపడెనని ఇందుమూలముగా ధ్రువపరచుచున్నాము."

ఇది పంపితే వాళ్లు నన్ను ఉద్యోగానికి తీసుకోరు. మంచం వేసి పడుకోబెడతారు.

పాస్టరు గారిని ఏమీ అనను. ఆయన అప్పుడు మన ఊళ్లో లేరు. నువ్వు ఏటేటా చెప్పింది విని రాశారు. నేనూ విన్నాను. ముందు వరుసలో కూర్చుని విన్నాను. పన్నెండేళ్లలో మాత్రల మాట ఒక్కసారి కూడా రాలేదు. వారానికి మూడు రోజులు చిన్నపోలయ్య మామ సైకిలు షాపులో నిలబడి, ఆయన చూస్తుండగా గుప్పెడు మాత్రలు మింగాను. ఆసుపత్రి వాళ్లు నా మాత్రలు ఆయన దగ్గరే పెట్టారు. కక్కుకుంటే పంపు నీళ్లు కొట్టి ఇచ్చేవాడు. మింగి నోరు తెరిచి చూపిస్తేగాని పోనిచ్చేవాడు కాదు. కాలేజీ బస్సు పోయినా పోనిచ్చేవాడు కాదు. ఆ సంగతి సాక్ష్యంలో ఎప్పుడూ రాలేదు.

నేను జబ్బు లేదని రాశాను. నువ్వు మందు లేదని చెప్పావు. ఇప్పుడు రుజువు అడిగితే మన ఇద్దరి దగ్గరా లేదు.

క్యాథరిన్.


మైపాడు,
మే 12.

క్యాథరిన్‌కు.

ఎండలు ముదిరినాయి. వేట ఆపిన కాలం, పడవలు ఒడ్డున ఉన్నాయి. ఎండబెట్టడానికి చేపలు లేవు.

నీ ఉత్తరానికి జవాబు రాయాలని మూడుసార్లు కూర్చున్నాను. చివరకు చిన్నపోలయ్య షాపుకు పోయినాను. మా పిల్ల మాత్రలు నీ దగ్గరే మింగింది గదా, ఒక కాగితం రాసి ఇవ్వు అన్నాను. "నాకు రాయను రాదమ్మా, ఎన్ని జతల పెడల్ రబ్బర్లు కావాలన్నా ఇస్తాను" అన్నాడు. మళ్లీ ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. లోపలికి పోయి ఒక అట్టపెట్టె తెచ్చినాడు.

ఎర్ర అట్టపెట్టె. నీ మాత్రలు వచ్చిన పెట్టె. మాత్రలు అయిపోయినాక చక్రాల్లో వేసే గుండ్లు పోసుకోవడానికి ఉంచుకున్నాడంట. గ్రీజు పట్టి సగం నల్లబడింది. మూతను గుడ్డతో తుడిచినాడు. నీ పేరు ఉంది, తేదీ ఉంది, నంబరు ఉంది.

ఇవ్వమంటే "గుండ్లు ఎందులో పోసుకునేదమ్మా?" అన్నాడు. ఇంటికి పోయి హార్లిక్స్ సీసా తెచ్చి ఇచ్చినాను. మూత సరిగా పట్టడం లేదని రెండుసార్లు వెనక్కి పంపినాడు. మూడో సీసా తీసుకున్నాడు.

పెట్టె సర్కారు ఆసుపత్రి అమ్మాయికి ఇచ్చినాను. నంబరు చూసి, గ్రీజు చూసి, నన్ను కూర్చోమంది. రిజిస్టరులో నీ పేరు దొరికింది. డాక్టరు సంతకానికి పది రోజులు పడుతుందంట. అందగానే రిజిస్టరు పోస్టులో పంపుతాను.

ఎలిశబెతు.


చెన్నై,
జూలై 25.

ప్రియమైన అత్తకు క్యాథరిన్ వందనాలు.

మొత్తం అయింది. కఫంలో ఏమీ పెరగలేదు. నువ్వు పంపిన కాగితం ఇంగ్లండు వాళ్లకు సరిపోయింది. దాని మూల గ్రీజు వేలిముద్ర ఉంది. అదెవరిదని వాళ్లు అడగలేదు. వీసా వచ్చింది. ఆగస్టు ఇరవై మూడు, శనివారం తెల్లవారి విమానం. అంతకుముందు గురువారం మైపాడు వచ్చి ఒక రోజు ఉండి పోతాను.

భానుప్రియ మే నెలలోనే వెళ్లింది. అక్కడి చలికి ఆయాసం వచ్చిందట. ఇంతకు ముందు ఎప్పుడైనా వచ్చిందా అని అడిగితే, ముందు లేదని రాసింది కదా, ఇదే మొదటిసారి అందట. మొదటిసారి వచ్చింది కాబట్టి కారణం కనిపెట్టాలని ప్రతి వారం ఏదో ఒక పరీక్ష చేస్తున్నారట. పీల్చే మందు ఎలా వాడాలో ఒక నర్సు వచ్చి నేర్పించి పోయిందట. చిన్నప్పటి నుంచీ వాడుతున్న పిల్ల కుదురుగా కూర్చుని నేర్చుకుందట.

ఏప్రిల్‌లో నేను రాసిన ఉత్తరం పొయ్యిలో పెట్టావా?

క్యాథరిన్.


మైపాడు,
ఆగస్టు 4.

చిరంజీవి క్యాథరిన్‌కు అత్త దీవించి రాయడం.

రెండు రోజులుగా పొద్దున ఎండ, సాయంత్రం జల్లు. నెత్తళ్లు బాగా పడుతున్నాయి. నీ టిక్కెట్టు సంగతి చదివి పాస్టరు గారికీ, చిన్నపోలయ్యకూ చెప్పినాను.

ఆ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. ఉంది.

కామమ్మ సంగతి రాయాలి. నిన్న దగ్గుతుంటే మాత్రలు వేసుకున్నావా అని అడిగినాను. ఏదో అన్నది. వినపడలేదు, మళ్లీ చెప్పమన్నాను. నా చెవి దగ్గరకు వచ్చి అరిచింది. "పోయిన నెలలోనే ఆపేసినానక్కా! వాంతులైతుండాయి! మీ పిల్లకు మాత్రలు లేకుండానే పోయింది గదా, నాకూ ప్రార్థన చెయ్యి!"

మా పిల్ల ఆరు నెలలు మింగిందని చెప్పినాను. నమ్మలేదు. "చర్చిలో ఇన్నేళ్లూ చెప్పింది అబద్ధమా అక్కా? నేను మాత్రలు మింగాలని ఇప్పుడు ఇట్టా చెప్తుండావు" అన్నది. చిన్నపోలయ్యను పిలుచుకొచ్చి చెప్పించినాను. "ఆయన మన సంఘం కాదు గదా" అన్నది.

ఇంట్లో చెప్పింది దానికి లెక్కలేదు. చర్చిలో చెప్పాలి. చర్చిలో లేవాలంటే కవరు వేయాలి. మన కవరు ఫిబ్రవరిలో గదా.

ఎలిశబెతు.


చెన్నై,
ఆగస్టు 9.

అత్తకు,

ఫిబ్రవరి దాకా ఆగితే కామమ్మ ఉండదు. ఇది నర్సుగా రాస్తున్నాను.

ఇందులో ఖాళీ కవరు పెట్టాను. కానుక కూడా పెట్టాను. మీద ఏం రాయాలో నేను చెప్పను. నీకిష్టమైంది రాయి. యూట్యూబులో వచ్చినా నాకేమీ ఇబ్బంది లేదు.

క్యాథరిన్.


మైపాడు,
ఆగస్టు 26.

ఇంగ్లండులో ఉన్న చిరంజీవి క్యాథరిన్‌కు మేనత్త ఎలిశబెతు దీవించి రాయడం.

చేరినావని పాస్టరు గారి ఫోనుకు వచ్చిన మెసేజీ చూపించినారు. ఇక్కడ నిన్నటి నుంచి వాన. చేపలు లోపలే ఉన్నాయి. చలికి తలకు గుడ్డ కట్టుకో.

గురువారం నువ్వు పోయి తలుపు కొట్టినప్పుడు కామమ్మ ఇంట్లోనే ఉంది. నర్సు వస్తే తిడుతుందని తీయలేదంట. కిటికీలోంచి చూసిందంట. లావైనావని చెప్పింది.

పదిహేడో తేదీ ఆదివారం కవరు తీసుకుపోయినాను. బయటికి తీయలేదు, ఇంటికి తెచ్చుకున్నాను. ఈ ఆదివారం వేసినాను. మీద ఏం రాసినానంటే, "క్యాథరిన్ టీబీకి ఆరు నెలలు మాత్రలు మింగి, ప్రభువు దయ వలన నయమై, ఆ సంగతి చెప్పుకునే ఇంగ్లండు పోయినందుకు" అని. చోటు చాలక వెనక వైపు కూడా రాసినాను. పాస్టరు గారు మాత్రలు అనే మాట దాకా చదివి ఆగినారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నా వైపు చూసినారు. నేను తల ఊపినాను. వెనక వైపు కూడా తిప్పి చదివినారు.

సాక్ష్యానికి లేస్తే అలవాటుగా పాత మాటలే నోటికి వచ్చినాయి. ఆపుకున్నాను. ఎర్ర పెట్టె సంగతి చెప్పినాను. వారానికి మూడు రోజులు చిన్నపోలయ్య షాపులో మింగినావని, బస్సు పోయినా ఆయన పోనివ్వలేదని, కక్కుకున్నావని, ఆ మాత్రలకు ఒంటేలు ఎర్రగా పోతే చచ్చిపోతానని ఏడ్చినావని, అయినా ఒక్క రోజు మానలేదని చెప్పినాను. ప్రార్థన కూడా చేసినామని చెప్పినాను. ఒంటేలు మాట దగ్గర పాస్టరు గారి భార్య చెయ్యి ఊపింది కానీ అప్పటికే చెప్పేసినాను. అది కూడా యూట్యూబులో ఉంది. ఈసారి శబ్దం తీయలేదు.

ఆమెన్ ఎవరన్నా అన్నారో లేదో నాకు వినపడలేదు. నోళ్లు చూసినాను. కొందరివి ఆడినాయి.

బయటకు వచ్చినాక ఒకరిద్దరు ముఖం తిప్పుకుని పోయినారు. పాస్టరు గారు నా చెవి దగ్గరకు వచ్చి, పాత సర్టిఫికెట్టు నీ దగ్గర ఉంటే వెనక్కి పంపించమని చెప్పినారు. చిన్నపోలయ్యకు ఎవరో చెప్పినట్టుంది. సాయంత్రం షాపు ముందర పోతుంటే, పెట్టె ఆసుపత్రి వాళ్లు తిరిగి ఇస్తారా అని అడిగినాడు. సీసాలో గుండ్లు చేతికి అందడం లేదంట.

కామమ్మ వెనక వరుసలో కూర్చుని ఉండింది. ముసుగు కిందికి లాక్కుంది.

నువ్వు శనివారం తెల్లవారి పోయినావు. కామమ్మ సోమవారం పొద్దున, వానలోనే, మొదటి బస్సుకు సర్కారు ఆసుపత్రికి పోయింది.

అత్త,
ఎలిశబెతు.